వంపు దగ్గర ఇరవై రెండు నిమిషాలు

ఆ డిపోలో ఆమెను అందరూ ఎందుకమ్మ అంటారు. పేరు పెట్టింది వాళ్ళ నాన్న. మూడేళ్ళప్పుడు రైలు పట్టాల మధ్య కంకర ఎందుకు పోశారని మొదలుపెట్టి, ఆ ఒక్క పూటలో ఆయన్ని నలభై ప్రశ్నలు అడిగిందట. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ జబ్బు కుదరలేదు. కాకపోతే ఇప్పుడు అడిగినందుకు జీతం ఇస్తున్నారు.

ఆమె పని చెప్పడానికి తేలిక. డీజిలు రైల్లో వస్తుంది, ఏట్లో పోతుంది. ఈ రెంటికీ లంకె కుదర్చడం ఆమె వంతు. వారానికి మూడు గూడ్సు బళ్ళు, ఒక్కోదానికి నలభై ట్యాంకు వ్యాగన్లు. వ్యాగన్లలోది డిపో ట్యాంకుల్లోకి తోడాలి, ట్యాంకుల్లోది రేవులో ఉన్న బార్జీల్లోకి నింపాలి, బార్జీలు దాన్ని దిగువ ఊళ్ళకి మోసుకుపోవాలి. బార్జీ ఆలస్యమైతే ట్యాంకు ఖాళీ అవదు. ట్యాంకు ఖాళీ అవకపోతే వ్యాగన్లు ఖాళీ అవవు. వ్యాగన్లు కదలకపోతే వెనకొచ్చే బండి ఊరిబయట నిలబడి కూతలు పెడుతుంది. అప్పుడు యార్డు మాస్టారు ఫోను చేసి ఆమెను పలకరించే తీరు ఇక్కడ రాయదగ్గది కాదు.

బార్జీలు మూడు. తొమ్మిదేసి వందల టన్నులు మోసే పెద్దవి రెండు, వాటిని పెద్దక్క, చిన్నక్క అంటారు. రెండొందల టన్నులది ఒకటుంది, దాని పేరు చెల్లి. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే చెల్లి ముందు బయల్దేరుతుంది, అక్కలిద్దరూ నింపుకుని రెండు గంటలు వెనకాల వెళ్తారు. ఎందుకలా అంటే, ఎప్పట్నించో అంతే అని చెప్తారు. ఎందుకమ్మకి ఒళ్ళు మండే జవాబు అదే.

ఇన్నాళ్ళూ ఈ లెక్కంతా గోడమీది నల్లబల్ల మీద సుద్దముక్కతో నడిచింది. ఆరు నెలల కింద ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. రెండేళ్ళ పాత రికార్డులు మింగి, బార్జీ ఎక్కడుందో, వ్యాగను ఎంత ఖాళీ అయిందో నిమిషనిమిషానికీ తెర మీద చూపిస్తుంది. డిపోలో దానికి కొత్తకోడలని పేరు పెట్టారు. ఏం జరిగినా తప్పు దానిదే, దాన్ని కూర్చోబెట్టి ఒక్క మాట అడిగినవాళ్ళు మాత్రం లేరు. ఎందుకమ్మ ఒక్కతే పొద్దస్తమానం దాని ఎదురుగా కూర్చుని అడుగుతుంది, అది ఓపిగ్గా చెబుతుంది. ఇద్దరికీ బాగా కుదిరింది.

అలాంటి కొత్తకోడలు ఆ సోమవారం ఆమె గుండెలో రాయి వేసింది.

వారానికి నాలుగో గూడ్సు తెప్పించాలంటే ఏం చెయ్యాలని మేనేజరు అడగమంటే ఆమె అడిగింది. చెల్లిని తీసెయ్యండి, దాని సరుకు అక్కలిద్దరికీ పంచండి అని అది జవాబిచ్చింది. కారణం కూడా ఎర్రక్షరాల్లో చూపించింది. చెల్లి వెళ్ళిన ప్రతిసారీ నది వంపు దగ్గర ఇరవై రెండు నిమిషాలు ఊరికే ఆగుతోంది. రెండేళ్ళుగా, ప్రతి ప్రయాణంలోనూ.

"ఇంకేం మరి! దొరికిందిగా దొంగ!" అన్నాడు మేనేజరు చేతులు రుద్దుకుంటూ. "శుక్రవారం మీటింగులో తేల్చేద్దాం. ఆ డొక్కు బార్జీ నడిపే ముసలాయన ఎవరు?"

"మా బాబాయి సార్."

మేనేజరు చేతులు రుద్దుకోవడం ఆపాడు. ఆయన చెడ్డవాడేం కాదు, కొత్తవాడు, అంతే. "నీ ఇష్టం వచ్చినట్టు వెతుక్కోమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "శుక్రవారం దాకా టైముంది. ఆ ఇరవై రెండు నిమిషాలకి అర్థం ఉంటే చూపించు. లేకపోతే నేనేం చెయ్యలేను."

బాబాయికి యాభై ఏడేళ్ళు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ముప్పై ఏళ్ళుగా చెల్లిని నడిపే సరంగు ఆయనే. నేలమీద నడుస్తుంటే కాస్త తూలినట్టుంటాడు, బార్జీ ఎక్కితేనే కుదురుగా నిలబడతాడు. అలాంటి మనిషిని ఒడ్డున కూర్చోబెడితే ఏమైపోతాడు? కొత్తకోడల్ని ఆ ప్రశ్న అడిగింది తనేనని తలుచుకుని ఎందుకమ్మ మరీ బాధపడింది.

బాధతోపాటు దురద కూడా ఉంది. ఇరవై రెండు నిమిషాలెందుకు?

"ఇంజను చల్లారాలి కదమ్మడూ," అన్నాడు బాబాయి ఫోన్లో.

"మరి తిరిగొచ్చేటప్పుడు ఆగవేం? అప్పుడు ఏటికి ఎదురు కదా, ఇంజను ఇంకా వేడెక్కాలి."

"టీ తాగుతాం."

"టీకి ఆగాలా? ఎడమచేత్తో చుక్కాని, కుడిచేత్తో గ్లాసు పట్టుకుని అయిదు గంటలు నడిపినవాడివి నువ్వు. చిన్నప్పుడు నేను చూశాగా!"

"నీకు పని లేదా?" అని ఫోను పెట్టేశాడు. బాబాయికి అబద్ధం చెప్పడం రాదు, పాపం. రెండోదానికే సరుకు అయిపోతుంది.

ఆమె మళ్ళీ కొత్తకోడలి ముందు కూర్చుంది. చూడగా చూడగా ఇంకో వింత బయటపడింది. పెద్దక్క, చిన్నక్క తొమ్మిది వందల టన్నులు నింపుకోవాలి. ఒకరోజు నిండా నింపుకుంటారు, ఒకరోజు ఎనిమిది వందల ఇరవైకే ఆపేస్తారు, ఇంకోరోజు ఏడు వందల అరవై. అలా ఆపిన ప్రతిసారీ లాగుబుక్కులో ఒకటే మాట, "పంపు ఒత్తిడి తక్కువ." ఆ పంపుని రెండేళ్ళలో మూడుసార్లు విప్పారు, ఒకసారి కొత్తది బిగించారు. కొత్తదానికీ మొదటి వారంలోనే ఒత్తిడి తగ్గిందట. ఎందుకు?

బుధవారం పొద్దున ఏడింటికి, రమ్మని ఎవరూ పిలవకుండానే, ఆమె చెల్లి ఎక్కేసింది. తనిఖీ అని కాయితం కూడా తెచ్చుకుంది. బాబాయి ఆ కాయితం వంకా ఆమె వంకా చూసి, కూర్చోడానికి తాడుచుట్ట చూపించాడు.

ఏటి మీద పొద్దుటిపూట చల్లగా ఉంది. ఒడ్డున ఇటుక గోదాములు, సిమెంటు మెట్లు, రైలు వంతెన ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి పోతున్నాయి. ఎనిమిదింటికి వంపు వచ్చింది. అక్కడ నది కుడివైపుకి తిరుగుతుంది, నీళ్ళ రంగు ఒకచోట ముదురుగా, ఇంకోచోట టీ పొడి తక్కువైన టీలా ఉంది. బాబాయి ఇంజను తగ్గించి, లంగరు దింపించి, పైకప్పు మీంచి పొడుగాటి వెదురు గడ తీశాడు. దానికి అడుగడుక్కీ ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది.

ఆయన ముందు కుడివైపు గడ దింపాడు. తర్వాత నడిమికి జరిపించి దింపాడు. అలా బార్జీని కొంచెం కొంచెంగా జారనిస్తూ అయిదుచోట్ల దింపి, ప్రతిసారీ తడిసిన పీలికలు లెక్కపెట్టుకున్నాడు. ఎందుకమ్మ గడియారం చూసుకుంది. పద్దెనిమిది నిమిషాలు.

ఆయన ఫోను తీసి పెద్దక్క సరంగుకి చేశాడు. "ఎనిమిది ముప్పావు అడుగులు. ఎడమపక్క ఇసుక మేట పెరిగింది, నడిమినే రండి. ఎనిమిది వందల యాభైకి ఆపుకోండి." అదే మాట చిన్నక్క సరంగుకీ చెప్పాడు. ఇంకో నంబరు నొక్కాడు.

"అన్నయ్యా. ఎనిమిది ముప్పావు."

ఎందుకమ్మ తాడుచుట్ట మీంచి లేచి నిలబడింది.

ఆ ఫోను అవతల ఎవరో ఆమెకు బాగా తెలుసు. వారానికి మూడుసార్లు, ఎనిమిది దాటాక, ఆమె ఆఫీసుకి తయారవుతుంటే ఇంట్లో ఫోను మోగుతుంది. నాన్న "ఊఁ" అంటాడు, "సరే" అంటాడు, పెట్టేస్తాడు. పెన్సిలు తీసుకుని గోడమీది కేలండరులో ఆరోజు గడిలో ఒక అంకె వేస్తాడు. అన్నదమ్ములిద్దరూ ఏవో నంబర్ల పందేలు కాస్తున్నారని అమ్మ అనుమానం. పన్నెండేళ్ళుగా ఆ మాటే దెప్పుతోంది. ఎందుకమ్మ కూడా నిజమేననుకుంది. ప్రపంచంలో ప్రతిదాన్నీ అడిగే మనిషి తన ఇంటి గోడని అడగలేదు.

"మొత్తం చెప్పు బాబాయ్," అంది.

ఆయన గడని పైకప్పు మీద పెట్టి కట్టాడు. "మీ నాన్న పెద్దక్కకి సరంగుగా ఉన్నప్పుడు ఇక్కడే ఇసుకలో కూరుకుపోయింది. తెలుసుగా నీకు."

అది తెలుసు. చుక్క డీజిలు ఒలకలేదు గానీ రెండురోజులు ఏరు మూసుకుపోయింది, మూడు గూడ్సులు ఊరిబయట నిలబడ్డాయి. నాన్న ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆయన బార్జీ ఎక్కలేదు; మిక్సీలూ కుట్టుమిషన్లూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఎవరైనా ఆ ఊసెత్తితే "నా పొరపాటే" అని లేచిపోయేవాడు. ఆమె అడగబోయినప్పుడల్లా అమ్మ కళ్ళతోనే వద్దనేది.

"మర్నాటి నించి నేను కొలుస్తున్నా," అన్నాడు బాబాయి. "ఏటి ఆఫీసు నించి లోతు కాయితం వారానికోసారి వస్తుంది. ఈ ఇసుక వారం దాకా ఆగుతుందా? రాత్రికి రాత్రి చోటు మార్చేస్తుంది. చెల్లికి నాలుగున్నర అడుగులు చాలు, నాకేం భయం లేదు. అక్కలకే నిండా నింపితే తొమ్మిది కావాలి. అందుకని నేను ముందొచ్చి చూసి చెప్తా, వాళ్ళు దానికి తగ్గట్టు నింపుకుంటారు."

"మరి పంపు ఒత్తిడి?"

బాబాయి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ప్లానులో రాసినదానికంటే తక్కువ నింపితే సంజాయిషీ రాయాలి. లోడుతో దారిలో ఆగానని తెలిస్తే నేనూ రాయాలి. పంపు అయితే ఏం రాయలేదు కదా, పాపం."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. "శుక్రవారం ఇది చెప్పనా?"

"చెప్తే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోయినా పోతుంది. మీ నాన్ననడుగు, ఎవరికీ చెప్పనని ఆయనకి మాటిచ్చాను."

దిగువ రేవులో దిగి బస్సెక్కి తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. ఆమె తిన్నగా డిపోకి పోయి కొత్తకోడల్ని ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. చెల్లి బయల్దేరని రోజుల్లో ఏం జరిగింది? నిరుడు దాన్ని మరమ్మతుకి పెట్టినప్పుడు ఎనిమిది ప్రయాణాలు తప్పాయి. ఆ ఎనిమిదిసార్లలో అక్కలు అయిదుసార్లు ఏడు వందలు కూడా నింపుకోకుండా భయంభయంగా వెళ్ళారు, రెండుసార్లు వంపు దగ్గర నేల తగిలి గంటల తరబడి ఆగారు. రెండు గూడ్సులు ఊరిబయట నిలబడ్డాయి. అన్నీ తెర మీద ఎర్రగా ఉన్నాయి, పక్కన కారణం అన్నచోట "తెలియదు" అని ఉంది. పిచ్చిది, తెలియదని ఆర్నెల్లుగా చెబుతూనే ఉంది.

దానికి తెలియాల్సింది ఇంట్లో మేకుకి వేలాడుతోంది.

గురువారం సాయంత్రం ఆమె నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. వంపు దగ్గరికి వెళ్ళొచ్చానని చెప్పింది. బాబాయి సంగతి, శుక్రవారం సంగతి చెప్పింది. "ఆ కేలండర్లు కావాలి నాన్నా."

ఆయన చేతిలో ఉన్న మిక్సీ మూత పక్కన పెట్టాడు. లేచి, గోడకున్న కేలండరు తీశాడు. దాని వెనక నిరుటిది, దాని వెనక అంతకుముందుది. పన్నెండూ ఒకే మేకుకి, దిండు లావున. మొత్తం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"అంటే అవి నీళ్ళ లోతులా?" అంది అమ్మ గుమ్మంలోంచి. "పన్నెండేళ్ళు పందేలు కాస్తున్నారనుకున్నాను కదయ్యా! ఒక్కసారైనా గెలిచి చావడేంటా అని ఏడ్చాను కూడా!"

నాన్న నవ్వాడు. ఎందుకమ్మ ఇంటికి తెచ్చుకున్న డిపో ల్యాప్‌టాప్‌లో, ముందు కొత్తకోడలి దగ్గర రికార్డులున్న రెండేళ్ళవీ ఎక్కించారు. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని అంకెలు చదివింది, ఎందుకమ్మ టైపు చేసింది, నాన్న వెనక నిలబడి "అది ఏడు కాదే, తొమ్మిది, నా తొమ్మిది అలాగే ఉంటుంది" అంటూ సరిదిద్దాడు. మూడు వందల పైచిలుకు అంకెలు. చివరిది ఎక్కగానే తెర మీద రెండు గీతలు పడ్డాయి, లోతుది ఒకటి, అక్కలు నింపుకున్నది ఒకటి. రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు కలిసి లేచి కలిసి దిగుతున్నాయి. పంపుతో దేనికీ సంబంధం లేదు.

శుక్రవారం మీటింగులో ఆమె ఆ గీతలు చూపించి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆగకూడని చోట బాబాయి ఆగిన మాట, లాగుబుక్కులో సరంగులు రాసిన అబద్ధం, అన్నీ.

మేనేజరు తెర దగ్గరికి వంగాడు. "అంటే నా పంపుకి ఏ జబ్బూ లేదా?"

"రాయిలా ఉంది సార్."

"మూడుసార్లు విప్పారు కదమ్మా దాన్ని!"

"అవును సార్. ఇప్పుడు లోతు కూడా చెప్పి మళ్ళీ అడిగాను," అంటూ ఆమె ఇంకో పేజీ తిప్పింది. "చెల్లిని తీసేస్తే నాలుగో బండి ఊరిబయటే ఉంటుందంటోంది. చెల్లి ఇంకో గంట ముందు బయల్దేరితే, ఎనిమిదిన్నర అడుగులు దాటిన వారాల్లో నాలుగో బండి తెప్పించొచ్చంటోంది. నెలలో మూడు వారాలు అలాంటివే."

"లోడుతో ఆగకూడదని రూలుంది కదా?"

"కారణం రాస్తే ఆగొచ్చు సార్. రాయడానికే ఇన్నాళ్ళూ గడి లేదు."

ఆ మధ్యాహ్నం బాబాయికి ఒకే కవరులో రెండు కాయితాలు వెళ్ళాయి. చెప్పకుండా ఆగినందుకు హెచ్చరిక ఒకటి, ఇకమీదట ప్రతి ప్రయాణంలో ఆగి కొలవాలని ఆర్డరు ఇంకోటి. బాబాయి రెండూ చదివి, ఏది ముందు పాటించాలని ఫోన్లో అడిగాడు.

ఇక్కడితో అయిపోవలసిందే. కానీ నాన్న ఊరుకోలేదు. మిగతా పదేళ్ళవీ ఎక్కించాలన్నాడు. ఇసుక ఏ నెలలో ఎటు జరుగుతుందో పన్నెండేళ్ళూ చూస్తేనే తేలుతుందట. ఆదివారానికో కేలండరు చొప్పున ముగ్గురూ వెనక్కి వెళ్ళారు. కేలండర్లు పాతబడేకొద్దీ కాయితం పసుపెక్కింది, నాన్న అంకెలు మాత్రం నిక్కచ్చిగా నిలబడి ఉన్నాయి. పదో ఆదివారం మొట్టమొదటి కేలండరుకి వచ్చారు. అందులో సగం సంవత్సరం ఖాళీ. మొదటి అంకె వేసిన గడికి ముందు గడిలో ఏమీ లేదు.

డిపో పాత ప్రమాదాల జాబితా కూడా ఈమధ్యే కొత్తకోడలికి తినిపించారు. ఆ తేదీ దగ్గరికి రాగానే తెర మీద ఒక వరస ఎర్రగా వెలిగింది. పెద్దక్క, వంపు, నేల తగిలింది. కారణం: సరంగు అజాగ్రత్త. పక్కన, లోతు అన్నచోట, గడి ఖాళీగా ఉంది.

అమ్మ కళ్ళద్దాలు తీసేసింది. ఈసారి కళ్ళతో వద్దనలేదు.

"ఆరోజు నిన్నేం అడిగారు నాన్నా?" అంది ఎందుకమ్మ.

"తాగావా అని అడిగారు." ఆయన తెర వంకే చూస్తున్నాడు. "నిద్రపోయావా అని అడిగారు. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని కూడా అడిగారు. వాళ్ళ కాయితంలో తొమ్మిదడుగులని ఉంది, కాయితం తప్పెందుకవుతుంది? ఇరుక్కున్నాక నేనే గడ దింపి చూసుకున్నా. నీళ్ళెంతున్నాయని మాత్రం ఎవరూ అడగలేదమ్మా."

ఆ ఎవరిలో తానూ ఉంది. పన్నెండేళ్ళు, ఒకే ఇంట్లో, ఒకే గోడ ఎదురుగా. ఎందుకమ్మ ముక్కు ఎగబీల్చి, వేళ్ళు మళ్ళీ కీబోర్డు మీద పెట్టింది.

"ఎంతున్నాయి నాన్నా?"

"ఆరున్నర," అన్నాడాయన.